చిరిగిన లేబ్రమ్, చింపిన ఎముక: ఒక తుంటి కేసు పూర్తి వివరాలు

గజ్జలో నొప్పితో వచ్చిన యువకుడి చేతిలో నడుము ఎమ్మారై ఫిల్ములు కనిపిస్తే, వాటిని పక్కన పెట్టి ముందు తుంటిని తిప్పి చూడమని మా జూనియర్ డాక్టర్లకు పదేపదే చెబుతుంటాను. ఈ కేసును వివరంగా రాయడానికి అది ఒక కారణం. రెండో కారణం ఇంకా ముఖ్యమైనది. తుంటి గిన్నె అంచు చుట్టూ ఉండే లేబ్రమ్ అనే వలయం చిరిగిందని రిపోర్టులో రాగానే కుట్టేస్తే సరిపోతుందనుకునేవారు రోగుల్లోనూ ఉన్నారు, వైద్యుల్లోనూ ఉన్నారు. చాలా మందిలో ఆ చిరుగు ఫలితం మాత్రమే. దాన్ని చింపింది ఏమిటో తేల్చకుండా కుట్టు వేస్తే, చింపినది లోపలే ఉండి మళ్లీ అదే పని చేస్తుంది.

రోగి అనుమతితోనే రాస్తున్నాను. ఆనవాలు పట్టడానికి వీలున్న వివరాలు మార్చాను. వైద్యానికి సంబంధించిన వివరాలు మాత్రం ఉన్నవి ఉన్నట్టే ఇచ్చాను.

రోగి చెప్పింది

వయసు 27. చంద్రగిరి దగ్గరి పల్లె. ప్రైవేటు పాఠశాలలో వ్యాయామ ఉపాధ్యాయుడు. వార్డులో అందరూ మాస్టారు అనే పిలిచారు కాబట్టి ఇక్కడా అలాగే రాస్తాను. ఏడో తరగతి నుంచే కబడ్డీ ఆడుతున్నారు. కాలేజీ రోజుల్లో జిల్లా స్థాయి పోటీల్లో రైడర్. కుడి గజ్జలో నొప్పి మొదలై ఏడాదిన్నర అయిందన్నారు. దెబ్బ తగిలినట్టు, పడిపోయినట్టు ఏమీ గుర్తు లేదు. మొదట్లో ప్రాక్టీసు చేసిన రోజు రాత్రి మాత్రం సలిపేది. తరువాత నేల మీద బాసింపట్టు వేసుకుని భోజనం చేసి లేచేటప్పుడు, మోటారు సైకిల్ దిగడానికి కాలు తిప్పేటప్పుడు, బస్సులో మదనపల్లె దాకా కూర్చుని వెళ్లి దిగిన వెంటనే పట్టేసేది. అప్పుడప్పుడు లోపల టక్కున చప్పుడు వచ్చి, ఆ వెంటనే గుచ్చినట్టయ్యేది. పిల్లలకు గుంజీళ్లు నేర్పించడం మానేసి, ఒక విద్యార్థిని ముందు నిలబెట్టి చేయిస్తున్నానని చెప్పినప్పుడు ఆయన ముఖం చిన్నబోయింది.

అప్పటికే ఆయన తిరగని చోటు లేదు. మొదట కండరం పట్టిందన్నారు. తరువాత నడుము స్కానింగులో నాలుగు, అయిదు పూసల మధ్య డిస్కు కాస్త ఉబ్బిందని తేలడంతో బెల్టు, ట్రాక్షన్, మాత్రలతో నెలలు గడిచాయి. మధ్యలో హెర్నియా ఏమోనని పొట్ట స్కానింగ్ కూడా చేశారు. అందులో ఏమీ కనిపించలేదు.

ఈ ఆలస్యం మన ప్రాంతానికే పరిమితం కాదు. అమెరికాలో 2006లో వెలువడిన ఒక అధ్యయనంలో, లేబ్రమ్ చిరిగినట్టు తేలిన 66 మంది రోగులను పరిశీలిస్తే, నొప్పి మొదలైనప్పటి నుంచి అసలు జబ్బు తెలిసే దాకా సగటున 21 నెలలు పట్టింది. రుయా, స్విమ్స్, బర్డ్ లాంటి పెద్ద ఆసుపత్రులున్న తిరుపతికి రాయలసీమ నలుమూలల నుంచీ, సరిహద్దు తమిళ పల్లెల నుంచీ ఎముకల రోగులు వస్తారు. వారిలో గజ్జ నొప్పిని నడుము నొప్పిగానో హెర్నియాగానో భావించి చాలాకాలం నెట్టుకొచ్చినవారు నాకు తరచుగా కనిపిస్తారు. నడుము ఎమ్మారైలో డిస్కు కొంచెం ఉబ్బినట్టు కనిపించడం నొప్పి లేనివారిలో కూడా మామూలే. దానికీ గజ్జ నొప్పికీ ముడి పెట్టేముందు కాలును ఒకసారి చేత్తో పట్టుకుని తిప్పి చూడాలి. అందుకు రెండు నిమిషాలు చాలు.

పరీక్షలో కనిపించింది

నొప్పి ఎక్కడో వేలితో చూపించమన్నాను. మాస్టారు వేలితో చూపించలేదు. బొటనవేలు వెనక్కి, మిగతా నాలుగు వేళ్లు గజ్జ వైపు ఉండేలా తుంటి పక్కభాగాన్ని అరచేత్తో పట్టుకున్నారు. చేయి ఇంగ్లీషు సి అక్షరంలా వంగుతుంది కాబట్టి మేము దాన్ని సి గుర్తు అంటాం. నొప్పి కీలు లోతుల్లో ఉన్నప్పుడు రోగులు తెలియకుండానే ఇలా చూపిస్తారు. అది మాత్రమే చూసి నిర్ధారణ చేయను గానీ, అది కనిపించినప్పుడు తుంటిని వదిలిపెట్టను.

నడక దాదాపు మామూలుగానే ఉంది. ఒంటికాలి మీద నిలబడినప్పుడు కటి పక్కకు ఒరగలేదు. పడుకోబెట్టి కాలు నిటారుగా పైకెత్తితే నరం లాగిన నొప్పి రాలేదు. నడుము మీద నొక్కినా నొప్పి లేదు. ఎడమ తుంటి 120 డిగ్రీల దాకా సులువుగా మడుచుకుంటుంటే, కుడివైపు 100 డిగ్రీల దగ్గర ఆగింది. మోకాలిని 90 డిగ్రీలకు మడిచి పాదాన్ని బయటికి తిప్పి, అంటే తుంటిని లోపలికి తిప్పి చూస్తే ఎడమవైపు 30 డిగ్రీలు, కుడివైపు 10 డిగ్రీలే. ఈ తేడా నాకు ఏ స్కానింగ్ కంటే కూడా ఎక్కువ చెప్పింది. తుంటిని మడిచి, కాలిని మధ్యగీత వైపు తెచ్చి, లోపలికి తిప్పగానే మాస్టారు మంచం అంచు పట్టుకున్నారు. "ఇదే సార్, సరిగ్గా ఇదే నొప్పి" అన్నారు. కాలిని మంచం మీద చాపి ఉంచి అటూ ఇటూ దొర్లిస్తే మాత్రం నొప్పి లేదు.

మన దగ్గర తుంటి నొప్పి అనగానే కొన్ని జబ్బులను తప్పక తోసిపుచ్చాలి. మొదటిది క్షయ. సాయంత్రం జ్వరం, బరువు తగ్గడం, తొడ కండరం సన్నబడటం ఏవీ లేవు. లోపలి వాపును పట్టిచ్చే రక్తపరీక్షలు ఈఎస్సార్ (12), సీఆర్పీ రెండూ మామూలు. రెండోది తొడ ఎముక తలకు రక్తం అందక అది చచ్చుబడటం. మద్యం, స్టెరాయిడ్లు, సికిల్ సెల్ అనే రక్తపు జబ్బు గురించి గుచ్చి గుచ్చి అడిగాను. బరువు పెరగడానికనో కండరాలకనో పేరు తెలియని పొడులు, మాత్రలు వాడే ఆటగాళ్లు ఉంటారు కాబట్టి వాటి గురించీ అడిగాను. లేవన్నారు. మూడోది యువకుల్లో వెన్నెముకను బిగించేసే యాంకిలోసింగ్ స్పాండిలైటిస్. ఉదయం లేవగానే అరగంటకు పైగా బిగుసుకుపోవడం ఉందా అంటే లేదు, ఎక్స్‌రేలో కటి వెనుక కీళ్లు శుభ్రంగా ఉన్నాయి. పరుగులు తీసేవారిలో తొడ ఎముక మెడకు వచ్చే సన్నటి పగులు కూడా గజ్జలోనే నొప్పి పెడుతుంది. దాన్ని చూడకుండా వదిలేస్తే ఎముక పూర్తిగా విరిగే ప్రమాదం ఉంటుంది కాబట్టి ఎమ్మారైలో దాని కోసం ప్రత్యేకంగా వెతికించాను. అదీ లేదు.

ఎముక ఆకారం

తుంటిది బంతి గిన్నె కీలు. గిన్నె అంచు చుట్టూ మృదులాస్థితో, పీచు కణజాలంతో కలిసి తయారైన వలయమే లేబ్రమ్. అడ్డంగా కోసి చూస్తే త్రికోణాకారంలో ఉంటుంది. గిన్నెను కాస్త లోతు చేయడం దాని పనుల్లో ఒకటి. అంతకంటే పెద్ద పని కీలులోని జిగురు ద్రవం బయటికి జారకుండా మూసి ఉంచడం. కుక్కర్ మూతలోని రబ్బరు గాస్కెట్ ఆవిరిని పట్టి ఉంచినట్టే ఇది ఆ ద్రవాన్ని పట్టి ఉంచుతుంది. ఆ పట్టు పోతే కీలు ఉపరితలాల మీద ఒత్తిడి పెరుగుతుంది. లేబ్రమ్‌లో నొప్పి తెలిపే నరాల కొసలున్నాయి, రక్తసరఫరా మాత్రం తక్కువ. ఉన్న కాస్త రక్తమూ ఎక్కువగా కీలు సంచి వైపు నుంచే వస్తుంది. చిరిగితే నొప్పి బాగా తెలిసి, మానడం మాత్రం కష్టం కావడానికి కారణం ఇదే.

ఇక అది ఎందుకు చిరుగుతుంది? స్విట్జర్లాండ్‌లోని బెర్న్ నగరానికి చెందిన రైన్‌హోల్డ్ గంజ్, ఆయన సహచరులు 2003లో దీనికి స్పష్టమైన సమాధానం ఇచ్చారు. తొడ ఎముక తల గుండ్రంగా ఉండి, మెడ దగ్గర సన్నబడాలి. అలా సన్నబడాల్సిన చోట ఎముక ఉబ్బి ఉంటే, తుంటి మడిచి తిప్పినప్పుడల్లా ఆ ఉబ్బు గిన్నె అంచును రాసుకుంటుంది. దీన్ని కామ్ రకం అంటాం. గిన్నె అంచే అవసరానికి మించి బయటికి పొడుచుకుని వస్తే అది పిన్సర్ రకం. రెండూ కలిసి ఉన్నవారూ చాలా మంది.

మాస్టారి కటి ఎక్స్‌రేలో కీలు సందు 4 మిల్లీమీటర్లకు పైగా ఉంది, అరుగుదల లేదు. గిన్నె తలను ఎంత కప్పిందో చెప్పే కోణం 31 డిగ్రీలు. అది 25 నుంచి 40 మధ్య ఉంటే మామూలే అంటాం. 20 కంటే తక్కువ ఉండి ఉంటే ఈ కేసు కథ వేరే. గిన్నె లోతు లేని తుంటికి కెమెరా ఆపరేషన్ ఒక్కటే చేస్తే కీలు మరింత వదులై రోగి పరిస్థితి దిగజారవచ్చు. అలాంటివారికి గిన్నె ఎముకనే కోసి తిప్పి కూర్చాల్సి రావచ్చు. అందుకే ఈ కోణం కొలవకుండా నేను లేబ్రమ్ ఆపరేషన్ గురించి మాట్లాడను.

అసలు సంగతి డన్ ఎక్స్‌రేలో బయటపడింది. తుంటిని 45 డిగ్రీలు మడిచి తీసే ఈ ఫిల్ములో తల, మెడ కలిసే చోటు బాగా కనిపిస్తుంది. తల గుండ్రదనం ఎక్కడ చెడిందో చెప్పే ఆల్ఫా కోణం 55 డిగ్రీలు దాటితే చాలా మందిమి కామ్ ఉందనుకుంటాం. మాస్టారికి కుడివైపు 68 డిగ్రీలు. కీలులోకి మందు ఎక్కించి తీసిన ఎమ్మారైలో ముందు పైభాగాన లేబ్రమ్ ఎముక అంచు నుంచి విడిపోయి, ఆ సందులోకి తెల్లగా మందు చొరబడింది. గిన్నె అంచును గడియారం అంకెలతో గుర్తిస్తాం. చిరుగు 12 నుంచి రెండున్నర దాకా ఉంది. ఉబ్బు ఎక్కడుందో, సరిగ్గా దానికి ఎదురుగానే చిరుగు.

చిరుగు ఉన్నంత మాత్రాన నొప్పికి అదే కారణమా?

మాస్టారి అన్న మామిడి తోటల రైతు. ప్రతిసారీ ఆయనే వెంట వచ్చేవారు. కీలులోకి మత్తుమందు ఇచ్చి నొప్పి తగ్గుతుందేమో చూద్దామని నేను అన్నప్పుడు, "డాక్టర్ గారూ, చిరిగిందని రిపోర్టులోనే రాశారు కదా, మళ్లీ ఈ ఇంజెక్షన్ పరీక్ష ఎందుకు?" అని అడిగారు. మంచి ప్రశ్న. 2012లో ప్రచురితమైన ఒక పరిశీలనలో, తుంటి నొప్పి అంటే ఏమిటో తెలియని 45 మంది ఆరోగ్యవంతులకు ఎమ్మారై తీస్తే 69 శాతం తుంట్లలో లేబ్రమ్ చిరుగులు కనిపించాయి. అంటే ఆ చిరుగులు వాళ్లను బాధ పెట్టడం లేదు. అలాంటప్పుడు ఫిల్ములో కనిపించిన చిరుగుకల్లా ఆపరేషన్ చేస్తూ పోతే ఎంతమందికి అక్కరలేని కోత పెడతామో ఆలోచించండి. 2016లో వివిధ దేశాల నిపుణులు బ్రిటన్‌లోని వార్విక్‌లో కూర్చుని తేల్చింది కూడా ఇదే: లక్షణాలు, చేత్తో చేసిన పరీక్ష, చిత్రాలు మూడూ ఒకే మాట చెప్పినప్పుడే ఈ జబ్బు ఉందని అనాలి.

అల్ట్రాసౌండ్‌లో చూస్తూ కీలు లోపలికి రోపివకైన్ అనే మత్తుమందు ఇచ్చాం. ఇరవై నిమిషాలయ్యాక నొప్పి తెచ్చే పనులన్నీ చేసి చూడమన్నాను. మాస్టారు ముందు జాగ్రత్తగా గొంతుక్కూర్చున్నారు. లేచారు. మళ్లీ కూర్చున్నారు. తరువాత వరండాలోకి వెళ్లి, గీత దగ్గర నిలబడిన రైడర్ లాగే ఎడమ కాలి మీద బరువు వేసి కుడి కాలిని ముందుకు చాచి, ఒక్కసారిగా ఒళ్లు తిప్పి వెనక్కి వచ్చారు. చెమట పట్టిన ముఖంతో నా వైపు చూసి "నొప్పి కనిపించడం లేదు సార్" అన్నారు. పదికి ఏడుగా ఉన్న నొప్పి ఒకటికి దిగింది. మందు పనిచేసిన ఆ కొద్ది గంటలే ఏడాదిన్నర అనుమానాన్ని తీర్చాయి. నొప్పి తుంటి లోపలిదే, నడుముది కాదు.

అప్పుడు కూడా వెంటనే ఆపరేషన్ అనలేదు. మూడు నెలలు ఫిజియోథెరపీ చేయించాం. పిరుదు కండరాలు, పొట్ట కండరాలు బలపడే వ్యాయామాలు, తుంటి లోతుగా మడిచే పనులు తగ్గించడం, కబడ్డీ పూర్తిగా ఆపడం. మా ఫిజియోథెరపిస్ట్ ఇచ్చిన చార్టును మాస్టారు తన వృత్తికి తగ్గట్టే ఒక్కరోజు కూడా వదలకుండా పాటించారు. తుంటి రోగులు తమ రోజువారీ జీవితం గురించి నింపే ఐహాట్-12 ప్రశ్నావళిలో వందకు 38 ఉన్న మార్కు 46 అయింది. పరవాలేదు గానీ చాలదు.

ఆపరేషన్ గురించి మాట్లాడినప్పుడు నేను ఆధారపడింది బ్రిటన్‌లో జరిగిన ఫ్యాషన్ అనే పరిశోధన మీద. 2018లో వైద్య పత్రిక లాన్సెట్‌లో వచ్చింది. 348 మందిని చీటీ వేసినట్టు రెండు జట్లుగా విభజించి, ఒక జట్టుకు కెమెరా ఆపరేషన్, రెండో జట్టుకు పద్ధతి ప్రకారం ఫిజియోథెరపీ ఇచ్చారు. ఏడాది తరువాత రెండు జట్లూ మెరుగుపడ్డాయి, ఐహాట్ ప్రశ్నావళి పొడవైన రూపమైన ఐహాట్-33లో ఆపరేషన్ జట్టు సగటున 6.8 పాయింట్లు ముందుంది. తేడా ఉంది, కానీ అద్భుతం కాదు. ఈ మాటే అన్నదమ్ములిద్దరికీ చెప్పాను. నొప్పి పూర్తిగా పోతుందని మాట ఇవ్వలేననీ, ముందు ముందు తుంటి అరగకుండా ఈ ఆపరేషన్ కాపాడుతుందని ఇంకా నిరూపణ కాలేదనీ, తొడ బయటి వైపు తిమ్మిరి, జననాంగాల దగ్గర తాత్కాలిక స్పర్శలోపం, అరుదుగా ఎముక విరగడం వంటి ఇబ్బందులు రావచ్చనీ వివరించాను. ఒక వారం ఆలోచించుకుని వచ్చి చేయించుకుంటామన్నారు.

ఆపరేషన్

తుంటిలోకి కెమెరా పంపాలన్న ఆలోచన పాతదే. న్యూయార్క్‌లో మైకేల్ బర్మన్ 1931లో మృతదేహాల కీళ్లలో చూసి, తుంటిలో తల, గిన్నె మధ్యకు పరికరం చేర్చడం సాధ్యం కాదని రాశారు. ఆయనకు అడ్డుపడిన ఇబ్బంది ఇప్పటికీ ఉంది. తుంటి లోతుగా, బిగుతుగా ఉండే కీలు. కాలిని లాగి సందు చేయకపోతే లోపలికి దారి లేదు.

పూర్తి మత్తు ఇచ్చి, కండరాలు వదులయ్యే మందు ఇచ్చి, ట్రాక్షన్ టేబుల్ మీద వెల్లకిలా పడుకోబెట్టాం. పాదాలకు దూది మందంగా చుట్టాం. కాళ్ల మధ్య ఉంచే స్తంభానికి వెడల్పాటి మెత్త కట్టి, ఒత్తిడి మధ్యలో కాకుండా తొడ లోపలి వైపు పడేలా సర్దడం నేను స్వయంగా చూసుకుంటాను. ఆపరేషన్ తరువాత జననాంగాల దగ్గర వచ్చే స్పర్శలోపంలో చాలా భాగం ఇక్కడి అజాగ్రత్త వల్లే వస్తుంది. ట్రాక్షన్ రెండు గంటలు దాటకూడదన్నది అందరూ పాటించే హద్దు. ఇక్కడ 58 నిమిషాలు పట్టింది.

కాలిని లాగుతుంటే సి-ఆర్మ్ అనే ఎక్స్‌రే యంత్రం తెర మీద తలకూ గిన్నెకూ మధ్య నల్లటి నెలవంక ఒకటి కనిపించింది. కీలులో ఏర్పడిన శూన్యం అది. అందులోకి సూది దిగి గాలి చొరబడగానే, అదే బలానికి కీలు మరికాస్త తెరుచుకుంది. అంతవరకూ గట్టిగా పట్టి ఉంచిన చూషణ వదిలేసింది. లేబ్రమ్ చేసే పనిని ఇంతకంటే కళ్లకు కట్టినట్టు చూపేది మరొకటి లేదు. ఎక్కడ ఆపరేషన్ చేసినా ఆ క్షణంలో జూనియర్లను తెర దగ్గరికి పిలుస్తాను.

సుమారు 10 మిల్లీమీటర్ల సందు దొరికింది. తుంటి పక్కన మొదటి రంధ్రం, తొడ ముందు వైపు రెండోది. 70 డిగ్రీల వంపుగా చూసే కెమెరా వాడాం. రెండో దారిని కెమెరాలో చూస్తూనే వేశాం, సూది లేబ్రమ్‌ను గుచ్చకుండా. కీలు సంచిని రెండు రంధ్రాల మధ్య చిన్నగా కోసి, చివర్లో కుట్టడానికి వీలుగా లేబ్రమ్ వైపు కొంత అంచు మిగిల్చాం.

లోపల ఎమ్మారై చెప్పిందే ఉంది. పన్నెండు నుంచి రెండున్నర దాకా లేబ్రమ్ తన పునాది దగ్గర ఎముక అంచు నుంచి ఊడింది. కొసలు పీచులు లేచి ఎర్రగా ఉన్నాయి. పక్కనున్న మృదులాస్థిని కొక్కెంతో నెడితే కింద బోలు ఉన్నట్టు అలలా కదిలింది గానీ చీలి పైకి లేవలేదు. లేబ్రమ్ వెడల్పు 6 మిల్లీమీటర్లు, కణజాలం ఆరోగ్యంగానే ఉంది. కుట్టడానికి తగినది. పలుచబడి, సున్నం పేరుకున్న లేబ్రమ్ అయితే కుట్టడం దండగ. అప్పుడు వేరే స్నాయువుతో కొత్తది కట్టాల్సి వస్తుంది. వీలైన చోట కత్తిరించి పారేయడం కంటే కుట్టి నిలబెట్టడమే మేలని నా అభిప్రాయం.

ఎముక అంచును, ఎముకను చెక్కే సన్నని బర్‌తో కేవలం రక్తం చిమ్మే దాకా గీకాం. పిన్సర్ లేదు కాబట్టి అంచును తగ్గించలేదు. అవసరం లేకుండా అంచు తీసేస్తే మంచి గిన్నెను మనమే లోతు లేనిదిగా మార్చినవాళ్లం అవుతాం. దారంతోనే తయారైన 1.8 మిల్లీమీటర్ల మెత్తటి యాంకర్లు (కుట్టు దారాన్ని ఎముకలో పట్టి ఉంచేవి) మూడు, ఒక్కొక్కటి సుమారు 8 నుంచి 10 మిల్లీమీటర్ల ఎడంలో వేశాం. ఈ ఆపరేషన్‌లో నేను ఊపిరి బిగబట్టే ఘట్టం డ్రిల్లింగే. డ్రిల్లు కోణం కాస్త తప్పితే మొన కీలు లోపలి మృదులాస్థిలోంచి బయటికి వస్తుంది. అందుకని డ్రిల్లు తిరుగుతున్నంతసేపూ కెమెరాను మృదులాస్థి మీదే ఉంచుతాం. అక్కడ కొంచెం ఉబ్బినా ఆపి కోణం మారుస్తాం.

దారాన్ని లేబ్రమ్ చుట్టూ ఉరిలా వేయవచ్చు, లేదా దాని పునాదిలోంచి గుచ్చి తీయవచ్చు. చుట్టి బిగిస్తే లేబ్రమ్ ముడుచుకుని తన త్రికోణాకారం కోల్పోయి, ఎముక తలకు దూరంగా తిరిగిపోవచ్చు. పైకి బాగా కుట్టినట్టే ఉంటుంది, మూత పడదు. ఇక్కడ వెడల్పు సరిపడా ఉంది కాబట్టి పునాదిలోంచే కుట్టాం. మూడో ముడి బిగించాక ట్రాక్షన్ వదిలాం. తల మెల్లగా గిన్నెలోకి వచ్చి కూర్చుంటుంటే లేబ్రమ్ దాని మీద అంచు పొడవునా ఎక్కడా ఎడం లేకుండా ఆనుకుంది.

ఇక అసలు దోషి పని. కాలిని సుమారు 40 డిగ్రీలు మడిచి కెమెరాను మెడ వైపు తిప్పాం. ఉబ్బు మీద మృదులాస్థి రంగు మారి, రాసుకుని రాసుకుని కమిలింది. దాన్ని బర్‌తో కొద్దికొద్దిగా చెక్కుతూ, కాలిని వేర్వేరు కోణాల్లో ఉంచి ఎక్స్‌రేలో చూస్తూ పోయాం. ఇక్కడ రెండు భయాలు. తక్కువ చెక్కితే నొప్పి తిరిగి వస్తుంది. మళ్లీ ఆపరేషన్ చేయాల్సి రావడానికి మిగిలిపోయిన ఉబ్బు ముఖ్య కారణాల్లో ఒకటి. తల, మెడ కలిసే ముందు భాగంలో 30 శాతానికి మించి చెక్కితే ఎముక బలహీనపడి విరగవచ్చు. పైగా తలకు రక్తం తీసుకెళ్లే సన్నటి నాళాలు మెడ వెనుక పక్కగా ఎక్కుతాయి. వాటిని కెమెరాలో గుర్తించి, బర్ అటు పోకుండా హద్దు పెట్టుకున్నాం. చెక్కడం ముగిశాక తుంటిని 90 డిగ్రీలు మడిచి లోపలికి తిప్పితే 30 డిగ్రీల దాకా ఎక్కడా తగల్లేదు. కుట్టిన లేబ్రమ్ కదల్లేదు.

చివరిగా కీలు సంచిని మూడు కుట్లతో మూసేశాం. ఆపరేషన్ పొడవునా లోపలికి ఎక్కించే సెలైన్ పొట్టలోకి జారే ప్రమాదం ఉంటుంది కాబట్టి, మత్తు డాక్టరు మధ్యమధ్యలో పొట్ట మెత్తగా ఉందో లేదో తడిమి చూస్తూనే ఉన్నారు.

ఇంటికి వెళ్లాక

ఈ ఆపరేషన్ ఫలితంలో సగం ఇంటి దగ్గరే తేలుతుంది. విదేశీ పుస్తకాల్లోని జాగ్రత్తలను యథాతథంగా చదివి వినిపిస్తే మన ఇళ్లలో పనికిరావు. మూడు వారాలు చంకకర్రలతో నడుస్తూ, పాదం పూర్తిగా నేలకు ఆనించి 10 కిలోలకు మించకుండా బరువు వేయాలి. 10 కిలోలంటే ఎంతో కాలికి తెలియాలి కదా. వార్డులో బరువు తూచే యంత్రం మీద పాదం పెట్టించి ముల్లు చూపిస్తూ అలవాటు చేయించాం. నేల మీద కూర్చోకూడదు, గొంతుక్కూర్చోకూడదు. ఇంట్లో ఉన్నది నేల మట్టం మరుగుదొడ్డి కాబట్టి, డిశ్చార్జికి ముందే కమోడ్ కుర్చీ కొని పెట్టమన్నాను. ఇంకొకటి ఎవరూ అడగరు, నేనే అడుగుతాను: "పడుకునేది ఎక్కడ?" నులక మంచం అన్నారు. వదులైన నులక మంచంలో కూర్చుంటే పిరుదులు కిందికి జారి తుంటి 90 డిగ్రీలకు మించి మడుచుకుంటుంది. కొత్త కుట్లకు అదే పెద్ద పరీక్ష. బల్ల మంచం వేయించారు.

రోజూ కొంతసేపు బోర్లా పడుకోవాలి, లేకపోతే తుంటి ముందు భాగం బిగుసుకుంటుంది. మోకాలిని మడిచి పట్టుకుని తుంటిని చిన్న సున్నాలుగా తిప్పడం అన్నకు నేర్పించాం. కీలు సంచి లోపల అతుకులు పడకుండా ఉండటానికి దీనికి మించింది లేదు. రైతు చేతులు కదా, మొదటి రోజు గట్టిగా తిప్పారు. రెండో రోజుకు ఒడుపు తెలిసింది. కదలని సైకిల్ మీద బరువు లేకుండా తొక్కడం మరుసటి రోజే మొదలైంది. కండరాల్లో ఎముక పెరగకుండా నాప్రోక్సెన్ అనే నొప్పి మాత్ర మూడు వారాలు, కడుపు మంటకు మాత్రతో పాటు ఇచ్చాం.

తొడ బయటి వైపు తిమ్మిరి వచ్చింది. ముందు రంధ్రం దగ్గర వెళ్లే చర్మపు నరం ఒత్తిడికి గురైతే అలా జరుగుతుంది. ముందే చెప్పి ఉంచడం వల్ల మాస్టారు కంగారు పడలేదు. ఆరో వారానికి పూర్తిగా తగ్గింది. అప్పటికి కర్రలు వదిలి కుంటు లేకుండా నడుస్తున్నారు. మూడో నెల దాటాక నెమ్మదిగా పరుగు, నాలుగో నెలలో ముందు పీట మీద, తరువాత నేల మీద కూర్చోవడం.

ఆరో నెలలో వచ్చినప్పుడు అన్నగారు ఒక మొక్కు సంగతి చెప్పారు. తమ్ముడికి నయమైతే ఇద్దరూ అలిపిరి నుంచి నడిచి కొండెక్కుతామని మొక్కుకున్నారట. 3,550 మెట్లు. అప్పటికి పిరుదు కండరం బలం ఎడమవైపుతో సమానమైంది, ఒంటికాలి గుంజీళ్లు నొప్పి లేకుండా చేస్తున్నారు. సరేనన్నాను. రెండు షరతులు పెట్టాను: గాలిగోపురం దగ్గర చాలాసేపు ఆగాలి, దిగడం మాత్రం బస్సులోనే. మోకాళ్ల పర్వతం దగ్గర మోకాళ్లతో ఎక్కవచ్చా అని అడిగారు. వద్దన్నాను. తుంటిని అంత లోతుగా మడిచి, ఒళ్లు బరువంతా దాని మీద వేసి, మెట్టు మెట్టుకూ తిప్పే పని ఆ ఏడాదికి వద్దు.

ఏడాది తరువాత

ఐహాట్-12 ఆరో నెలలో 79, ఏడాదికి 86. లోపలికి తిరగడం 28 డిగ్రీలు. కొత్త ఎక్స్‌రేలో ఆల్ఫా కోణం 44, కీలు సందు తగ్గలేదు, కండరాల్లో ఎముక పెరగలేదు. వర్షం రోజుల్లో, చాలాసేపు కూర్చున్నాక కొద్దిగా పట్టినట్టు ఉంటుందన్నారు. ఆ మాత్రం మిగలడం మామూలే. పోటీ కబడ్డీ ఆడనని ఆయనే నిర్ణయించుకున్నారు. పిల్లలకు గుంజీళ్లు మాత్రం తానే చేసి చూపిస్తున్నారు.

ఎడమ తుంటి సంగతి చెప్పాలి. అక్కడా ఆల్ఫా కోణం 62. నొప్పి లేదు, కదలికలు నిండుగా ఉన్నాయి. "దీన్ని కూడా ముందే సరిచేసేయకూడదా సార్?" అని మాస్టారు అడిగారు. చేయనని చెప్పాను. ఎక్స్‌రేలో ఉబ్బు ఉన్నవారందరికీ జబ్బు రాదు. బాధ లేని కీలును తెరిచే హక్కు మాకు లేదు. కుడివైపు నేర్చుకున్న వ్యాయామాలే ఎడమవైపూ చేయమన్నాను, ఏటా ఒకసారి చూస్తాను.

వెళ్లేముందు ఆయన మరో ప్రశ్న అడిగారు. తన దగ్గర పన్నెండు, పదమూడేళ్ల పిల్లలు రోజూ కబడ్డీ ఆడుతున్నారు, వాళ్లకూ ఇలా అవుతుందా అని. ఎదిగే వయసులో, ఎముక చివరి పెరుగుదల ఫలకం ఇంకా మూసుకోనప్పుడు, తీవ్రంగా ఫుట్‌బాల్, ఐస్ హాకీ, బాస్కెట్‌బాల్ ఆడే అబ్బాయిల్లో కామ్ ఉబ్బు ఎక్కువగా ఏర్పడుతుందని పరిశోధనలు చెబుతున్నాయి. కబడ్డీలో కూడా అదే మడత, అదే మెలిక, అదే పరుగు. ఆట మాన్పించమని అనలేదు. ఏడాది పొడవునా ఒకే ఆట కాకుండా మార్చి మార్చి ఆడించమనీ, వారంలో రెండు రోజులు ఖాళీ ఇవ్వమనీ, బరువులు ఎత్తి లోతుగా గొంతుక్కూర్చునే కసరత్తులు ఆ వయసులో చేయించవద్దనీ చెప్పాను. ఏ పిల్లవాడైనా గజ్జలో నొప్పి అంటే, కండరం పట్టిందని నూనె రాసి పంపకుండా, వెల్లకిలా పడుకోబెట్టి తుంటిని మడిచి లోపలికి ఎలా తిప్పి చూడాలో మంచం మీద తన కాలినే పట్టుకుని చూపించాను. రెండువైపులా తేడా ఉంటే నా దగ్గరికి పంపమన్నాను. ఆ తరువాత ఇద్దరు పిల్లలను పంపారు. ఒకరికి మామూలు కండరపు నొప్పి. రెండో పిల్లవాడికి డన్ ఎక్స్‌రే తీయించి, ఆట తగ్గించి, ఫిజియోథెరపీ చేయిస్తున్నాం.